ఒక్క ఈఇన్వాల్, 11 కారణాలు: కెర్నల్ తన తప్పొప్పులు ప్రోగ్రాంకి ఎలా చెప్పాలి?

#1 గోదారి_గట్టు

నమస్కారమండీ. 16 చానళ్ల డేటా సేకరణ కార్డుకి రాస్తున్న లినక్స్ డ్రైవర్ గురించి. కార్డు అమరిక అంతా ఒకే ఐఓసీటీఎల్‌లో (పరికరానికి ఆదేశం పంపే సిస్టమ్ కాల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండె అయిన కెర్నల్‌ని ప్రోగ్రాం పిలిచే కాల్) వెళ్తుంది: శాంపిల్ రేటు, చానల్ మాస్క్ (ఏ చానళ్లు వాడాలో చెప్పే బిట్లు), బఫర్ సైజు, ట్రిగ్గర్ రకం, ట్రిగ్గర్ స్థాయి వగైరా కలిపి 9 ఫీల్డులు. వీటిలో ఏది కుదరకపోయినా ప్రోగ్రాంకి వచ్చేది ఈఇన్వాల్ 22, "చెల్లని విలువ" అనే ఎర్రర్ నంబరు. డ్రైవర్ కోడ్‌లో 11 చోట్ల అదే రిటర్న్. మాస్క్ సున్నా అయినా 22, బఫర్ సైజు రెండు ఘాతం కాకపోయినా 22, రేటుని చానళ్ల లెక్కతో గుణిస్తే కార్డు శక్తి దాటినా 22. అప్లికేషన్ రాసేవాళ్లు ఒక్కో ఫీల్డూ మార్చి మార్చి చూసుకోవడమే.

మూడు దారులు కనిపిస్తున్నాయి. 200 నుంచి సొంత ఎర్రర్ నంబర్లు పెట్టుకోవడం ఒకటి. కారణాన్ని కెర్నల్ లాగ్‌లో రాసి 22నే తిరిగివ్వడం రెండోది. ఒక వాక్యాన్ని బఫర్‌లో నింపి ఇవ్వడం మూడోది. ఏది మేలంటారు?

ఈ పేర్లు తెలుగు లిపిలో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి పక్కన నంబరు కూడా వేద్దాం. ఎక్స్86 లినక్స్ నంబర్లే.

#2 ఓరుగల్లు_రూట్

మొదటిది వద్దన్నా. పని చేస్తది, కాదనను. వెనక్కి వచ్చిన విలువ మైనస్ 1 నుంచి మైనస్ 4095 మధ్యల ఉంటే లిబ్‌సీ (ప్రోగ్రాంకి, కెర్నల్‌కి నడుమ ఉండే సీ లైబ్రరీ) దాన్ని ఎర్రర్ కిందనే చూస్తది, 200 కూడా అందులకే వస్తది. కానీ ఆ నంబరు ఎవరికీ తెల్వదు. నంబరుని మాటలల్ల చెప్పే స్ట్ర్‌ఎర్రర్ "తెలియని ఎర్రర్ 200" అంటది, సిస్టమ్ కాల్స్ చూపించే ఎస్‌ట్రేస్‌ల ఒట్టి అంకె కనబడ్తది, పైథాన్‌ల పేరు లేని ఓఎస్‌ఎర్రర్ వస్తది. రేపు మెయిన్ కెర్నల్ అదే నంబరు ఇంకో అర్థంతోని తీసుకుంటే ఇగ గొడవే.

ఇంకోటి, నంబర్లు అన్ని ప్రాసెసర్ల మీద ఒకటి కావు. ఈటైమ్‌డౌట్ ఎక్స్86ల 110, మిప్స్‌ల 145. ఈనోసిస్ ఇక్కడ 38, అక్కడ 89. ఖాళీ అనుకున్న నంబరు ఇంకో చోట ఖాళీ ఉంటదని నమ్మకం లేదు.

రెండోదాంతోని వేరే తంటా. లాగ్‌ల పడ్డ లైను ఏ ప్రాసెస్ ఏ కాల్‌కి సంబంధించిందో ప్రోగ్రాం పట్టుకోలేదు. కెర్నల్ డీమెస్గ్ రిస్ట్రిక్ట్ 1 పెట్టిన మెషిన్‌ల మామూలు యూజర్‌కి లాగే కనబడదు. కంటైనర్ల సంగతి చెప్పొద్దు. పైగా తప్పు విలువలు పంపుడు ఎవరన్నా చేయొచ్చు, లూప్ పెట్టి లాగ్ నింపొచ్చు. అందుకని రేట్ లిమిట్ పెడతరు. కెర్నల్‌ల మామూలుగా 5 సెకన్లకి 10 మెసేజ్‌లే. నీకు కావాల్సింది పదకొండోది అయితే పోయినట్టే. డైనమిక్ డీబగ్‌తోని ఆన్ చేసుకునే మెసేజ్‌లు పెట్టు, అవి మంచివే. ఇంటర్‌ఫేస్ మాత్రం అది కాదు.

#3 పాత_సిస్టం

మూడు దారుల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ ఎర్రర్ చదివేది ఎవరు?

నంబరు చదివేది ప్రోగ్రాం. అది చేయగలిగినవి నాలుగైదు పనులే. మళ్లీ ప్రయత్నించడం (ఈఇంటర్ 4), కాసేపాగి రావడం (ఈఅగెయిన్ 11, ఈబిజీ 16), ఇంకో దారి పట్టడం (ఈనోసిస్ 38, ఈఆప్‌నాట్‌సప్ 95), ఇచ్చిన విలువ మార్చడం (22, ఈరేంజ్ 34), లేదా ఆగిపోవడం (ఈఐఓ 5). రెండు తప్పులకి ప్రోగ్రాం వేరువేరుగా స్పందించాలంటే నంబర్లు వేరుగా ఉండాలి. స్పందన ఒకటే, వివరం మాత్రమే వేరు అయితే, ఆ వివరం మనిషికి. దాని చోటు వేరు.

ఈ గీత చెరిగితే ఏమవుతుందో కంటైనర్లలో అందరూ చూశారు. సెక్‌కాంప్ (సిస్టమ్ కాల్స్‌ని వడకట్టే కెర్నల్ సదుపాయం) ఫిల్టర్ తనకి తెలియని సిస్టమ్ కాల్‌కి ఈపెర్మ్ 1 ఇచ్చేది. జీలిబ్‌సీ (లినక్స్‌లో ఎక్కువగా వాడే లిబ్‌సీ) కొత్త కాల్ ప్రయత్నించి, 38 ("ఆ కాల్ ఇక్కడ లేదు") వస్తే పాత కాల్‌కి దిగేలా రాసి ఉంటుంది. ఫ్యాక్సెస్‌యాట్2, క్లోన్3 రెండిటికీ అంతే. 1 వస్తే "ఉంది గానీ నీకు అనుమతి లేదు" అని అర్థం చేసుకుని అక్కడే ఆగిపోయింది. దాంతో పాత కంటైనర్ రన్‌టైం మీద కొత్త డిస్ట్రో ఇమేజ్‌లో ఫైల్ తనిఖీలు, థ్రెడ్ పుట్టించడం దెబ్బతిన్నాయి. ఫిల్టర్ 38 ఇచ్చేలా మార్చాక కుదురుకుంది. భద్రత అంతకుముందు ఎంతో తర్వాతా అంతే. మారింది ఒక్క అంకె.

#4 సున్నా_నుంచి

ఒక సందేహం అన్నలూ. మైనస్ నంబరు నేరుగా వస్తుంటే మధ్యలో ఎర్రర్ నంబరు దాచే ఈ ఎర్నో వేరియబుల్ ఎందుకు? మైనస్ 1 చూసి, మళ్లీ ఇంకో చోటికెళ్లి నంబరు తెచ్చుకోవడం అంటే చుట్టు తిరిగి ముక్కు పట్టుకున్నట్టు ఉంది.

#5 కెర్నల్_కాకి

చుట్టు తిరగడమే, నిజం. లినక్స్ కెర్నల్‌కి ఎర్నో అంటే ఏమిటో తెలియదు. సిస్టమ్ కాల్ ఫలితం ఒక రిజిస్టర్‌లో వస్తుంది. అది మైనస్ 4095, మైనస్ 1 మధ్య ఉంటే లిబ్‌సీ గుర్తు తిప్పి థ్రెడ్‌కి ఒకటిగా ఉండే ఎర్నోలో పెట్టి, మీకు మైనస్ 1 ఇస్తుంది. ఫ్రీబీఎస్‌డీ ఎక్స్86 మీద ఎర్రర్ జెండాగా క్యారీ ఫ్లాగ్‌ని వాడుతుంది. పీథ్రెడ్ ఫంక్షన్లు, పోసిక్స్ స్పాన్, పోసిక్స్ ఫాలొకేట్ లాంటివి నంబరుని నేరుగా తిరిగిస్తాయి, ఎర్నోని ముట్టుకోవు. వాటి తర్వాత ఎర్నోని అచ్చువేసే పెర్రర్ పిలిస్తే సంబంధం లేని పాత సంగతి అచ్చవుతుంది. ఇది ఇప్పటికీ రోజూ జరిగే తప్పు.

ఎర్నోతో చిక్కులు:

కాల్ నెగ్గితే ఎర్నో సున్నా కాదు. పాతది అలాగే ఉంటుంది, ఒక్కోసారి నెగ్గిన ఫంక్షనే లోపల ఏదో విఫలమై దాన్ని మార్చేస్తుంది. స్టాండర్డ్ అవుట్‌పుట్ టెర్మినల్ కానప్పుడు ప్రింట్‌ఎఫ్ లోపలి టెర్మినల్ తనిఖీ ఈనోట్టీ 25ని వదిలి వెళ్లొచ్చు. ఫైల్ తెరుచుకోకపోతే "ఇది టైప్‌రైటర్ కాదు" అనే వింత మెసేజ్ వెనకటి ప్రోగ్రాంలు చూపించింది ఇందుకే. కాల్ విఫలమవగానే మొదటి పనిగా ఎర్నోని లోకల్ వేరియబుల్‌లో దాచుకోండి, లాగ్ రాయడం ఆ తర్వాత. సిగ్నల్ హ్యాండ్లర్‌లో అయితే మొదట్లో దాచి చివర్లో తిరిగి పెట్టాలి.

మైనస్ 1 అసలు జవాబే అయ్యే కాల్స్‌తో ఇంకో తలనొప్పి. గెట్‌ప్రయారిటీ ఇచ్చే నైస్ విలువ (ప్రాసెస్ ప్రాధాన్యం) మైనస్ 20 నుంచి 19 దాకా, కాబట్టి మైనస్ 1 మామూలు జవాబు. కెర్నల్ దీన్ని ఊహించి 20లోంచి నైస్ తీసేసి 1 నుంచి 40 మధ్య సంఖ్యగా పంపుతుంది, ఎర్రర్‌తో కలవదు. లిబ్‌సీ దాన్ని మళ్లీ నైస్‌గా మార్చి, కెర్నల్ తప్పించిన చిక్కుని తిరిగి తెచ్చిపెడుతుంది! ముందే ఎర్నోని సున్నా చేసి పిలవడమే మార్గం. స్ట్ర్‌టోల్, రీడ్‌డిర్‌లకీ ఇదే మందు.

కొత్తగా కడితే ఎలా ఉంటుందో చూడాలంటే గూగుల్ ఆపరేటింగ్ సిస్టం ఫ్యూషా. అక్కడ సిస్టమ్ కాల్స్ చాలావరకు స్టేటస్‌నే తిరిగిస్తాయి, సున్నా అంటే సరే, రుణ సంఖ్య అంటే ఎర్రర్. అసలు ఫలితం పాయింటర్ ద్వారా వేరుగా వస్తుంది. రెండూ ఒకే డబ్బాలో పడవు.

#6 మంజీర

నంబర్ల మీద ఇంత ప్రేమ ఎందుకో. ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టంలో ఎర్రర్ అంటే స్ట్రింగే. కాల్ మైనస్ 1 ఇస్తుంది, ఎర్‌స్ట్ర్ అనే కాల్‌తో వాక్యం తెచ్చుకుంటారు, ప్రింట్ చేయడానికి పర్సెంట్ ఆర్ ఉంది. ఫైల్ సర్వర్ ఎక్కడో వేరే మెషిన్‌లో ఉన్నా అది చెప్పిన కారణం ఉన్నదున్నట్టు యూజర్ దాకా వస్తుంది. 9 ఫీల్డుల ఐఓసీటీఎల్‌కి "బఫర్ సైజు రెండు ఘాతం కాదు" అని వస్తే గొడవ అక్కడికే తీరదా?

#7 కెర్నల్_కాకి

> గొడవ అక్కడికే తీరదా?

మనిషికి తీరుతుంది మంజీర గారూ. ప్రోగ్రాంకి అక్కడే మొదలవుతుంది. ఫైల్ లేదన్న సంగతి తెలుసుకోవడానికి వాక్యంలో ముక్క వెతకాల్సి వస్తుంది. ఒక సర్వర్ ఒకలా, ఇంకోటి ఇంకోలా రాస్తుంది. వాక్యంలో అక్షరదోషం దిద్దితే ఎవరిదో ప్రోగ్రాం విరుగుతుంది, కాబట్టి అక్షరదోషం కూడా ఇంటర్‌ఫేస్‌లో భాగమైపోతుంది. గో భాష ప్లాన్ 9 మీద సిస్టమ్ ఎర్రర్‌ని స్ట్రింగ్‌గానే పట్టుకుని, తెలిసిన వాక్యాలతో పోల్చి చూడాల్సి వచ్చింది.

చిన్న లెక్క కూడా చెప్తాను. ప్లాన్ 9లో ఎర్రర్ స్ట్రింగ్ హద్దు 128 బైట్లు. తెలుగులో హల్లు, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ యూటీఎఫ్8లో 3 బైట్లు. చివరి సున్నా తీసేస్తే 42 గుర్తులు. "బఫర్ సైజు రెండు ఘాతం కాదు" అన్న వాక్యమే ఖాళీలు పోను 21 గుర్తులు తినేస్తుంది. కెర్నల్ ఇంగ్లీషులోనే చెప్పనివ్వండి, అనువాదం పైన లైబ్రరీలో జరగాలి అంటే, అక్కడ తాళంచెవిగా పనికొచ్చేది మళ్లీ నంబరే.

#8 పాత_సిస్టం

రెండూ ఇచ్చిన చోట్లు లినక్స్‌లో ఉన్నాయి, గోదారి గారికి అవే పనికొస్తాయి.

నెట్‌లింక్: నెట్‌వర్క్ అమరికకి ప్రోగ్రాంలు కెర్నల్‌తో మాట్లాడే సాకెట్ ఇది. లినక్స్ 4.12 నుంచి, అంటే 2017 నుంచి, ఎక్స్‌టెండెడ్ యాక్ ఉంది. సాకెట్ మీద ఆ ఆప్షన్ పెట్టుకున్నవాళ్లకే వస్తుంది. జవాబులో మామూలు ఎర్రర్ నంబరుతో పాటు ఒక వాక్యం, పంపిన మెసేజ్‌లో తప్పున్న ఆట్రిబ్యూట్ ఎన్నో బైట్ దగ్గరుందో ఆ ఆఫ్‌సెట్. ప్రోగ్రాం నంబరు చూస్తుంది, ఐపీ, టీసీ లాంటి కమాండ్లు వాక్యాన్ని అచ్చేస్తాయి. నాకు అన్నిటికంటే ఆఫ్‌సెట్ నచ్చుతుంది. "ఎందుకు" కంటే "ఎక్కడ" చెప్పడం తేలిక, దానికి భాషతో పని లేదు.

మౌంట్: ఫైల్ సిస్టంని తగిలించే పాత మౌంట్ కాల్‌లో 22కి ఉన్నన్ని అర్థాలు ఇంకెక్కడా ఉండవేమో. సూపర్‌బ్లాక్ చెడినా, ఆప్షన్ తప్పుగా రాసినా అదే. 5.2లో, 2019లో, ఎఫ్ఎస్ఓపెన్, ఎఫ్ఎస్‌కాన్ఫిగ్ వచ్చాయి. ఆప్షన్లు ఒక్కొక్కటిగా ఇస్తాం కాబట్టి ఏది తిరస్కరించిందో కాల్ దగ్గరే తెలుస్తుంది. ఎఫ్ఎస్ఓపెన్ ఇచ్చిన డిస్క్రిప్టర్‌ని (తెరిచినదానికి కెర్నల్ ఇచ్చే నంబరు) రీడ్ చేస్తే మెసేజ్‌లు వస్తాయి. మొదటి అక్షరం ఈ అయితే ఎర్రర్, డబ్ల్యూ అయితే హెచ్చరిక, ఐ అయితే సమాచారం. ఇక లేకపోతే ఈనోడేటా 61.

బీపీఎఫ్ వెరిఫయర్ (కెర్నల్ లోపల నడిపే చిన్న ప్రోగ్రాంలని ముందే తనిఖీ చేసేది) మూడో రకం: పిలిచేవాడే లాగ్ బఫర్ ఇస్తాడు, ప్రోగ్రాంని తిరస్కరిస్తే కారణమంతా అందులో రాస్తుంది. ఇక్కడో మెలిక, బఫర్ చాలకపోతే ఈనోస్పేస్ 28 ఇస్తుంది. డిస్క్ నిండిందా అని వెతకడం మొదలుపెడతారు జనం.

#9 ఓరుగల్లు_రూట్

28 సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్న, ఇనోటిఫై (ఫైళ్ల మార్పులు కనిపెట్టేది) వాచ్‌ల హద్దు దాటినా 28నే ఇస్తది. ఎడిటర్ "డిస్క్‌ల చోటు లేదు" అంటది, డిస్క్‌ల చోటు చూపించే డీఎఫ్ కొడితే సగం ఖాళీ. చూడాల్సింది మ్యాక్స్ యూజర్ వాచెస్. 5.11కి ముందు చాన్నాళ్లు 8192 ఉండె, ఇప్పుడు ర్యామ్‌ని బట్టి పెడతది. ఐనోడ్లు (ఫైలుకొకటి ఉండే రికార్డులు) అయిపోయినా 28నే, డీఎఫ్ మైనస్ ఐ కొడితే తెలుస్తది.

ఈనోఎంట్ 2 కూడా తక్కువది కాదు. స్క్రిప్ట్ కళ్ల ముందర ఉంటది, నడిపితే "ఫైల్ లేదు" అంటది. లేనిది స్క్రిప్ట్ కాదు, మొదటి లైన్‌ల రాసిన ఇంటర్‌ప్రెటర్. విండోస్‌ల సేవ్ చేసి తెస్తే లైను చివర క్యారేజ్ రిటర్న్ అంటుకుని ఉంటది, కెర్నల్ దాన్ని కూడా పేరుల కలుపుకొని వెతుకుతది. బైనరీలైతే డైనమిక్ లింకర్ లేకుంటే ఇదే కథ. ఈయాక్సెస్ 13 వస్తే నేమ్‌ఐ మైనస్ ఎల్ పెట్టి పూర్తి దారి ఇయ్యి, ఏ ఫోల్డర్ దగ్గర అడ్డం పడ్డదో ఒక్కో మెట్టుకి చూపిస్తది.

#10 కిటికీ_పక్కన

విండోస్ వైపు నుంచి ఒక మాట. అక్కడ కెర్నల్ ఇచ్చే ఎన్‌టీస్టేటస్ 32 బిట్లు: పై రెండు బిట్లు తీవ్రత, తర్వాత ఏ భాగం నుంచి వచ్చిందో, కింద 16 బిట్లు కోడ్. కాగితం మీద ఎర్నో కంటే ఎంతో మెరుగు. తీరా ప్రోగ్రాంలు వాడే విన్32 పొర దాటేటప్పుడు దాన్ని పాత డాస్ కాలపు నంబర్లలోకి కుదిస్తారు. డిలీట్ పెండింగ్ 0xసీ0000056, అది ఫైల్ కాదు డైరెక్టరీ అనే 0xసీ00000బీఏ, అసలైన అనుమతి నిరాకరణ, మూడూ కలిసి 5, "యాక్సెస్ డినైడ్" అయిపోతాయి. మొదటిదానికి కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి, మూడోదానికి ఎన్నిసార్లు ప్రయత్నించినా దండగ. తేడా కెర్నల్‌కి తెలుసు, ప్రోగ్రాంకి చేరదు. పాత_సిస్టం గారు చెప్పిన గీత సరిగ్గా ఇక్కడే చెరిగింది.

విఫలమైందని చెప్పే తీరు కూడా ఒకటి కాదు. క్రియేట్‌ఫైల్ విఫలమైతే మైనస్ 1 హ్యాండిల్, క్రియేట్‌ఈవెంట్ విఫలమైతే నల్. ఇక క్రియేట్‌ఫైల్‌ని క్రియేట్ ఆల్వేస్‌తో పిలిస్తే, నెగ్గి కూడా లాస్ట్ ఎర్రర్‌లో 183 పెడుతుంది, ఫైల్ ముందే ఉందని చెప్పడానికి. గెట్‌లాస్ట్‌ఎర్రర్ సున్నానా కాదా అని చూసి జయాపజయాలు తేల్చే కోడ్ అక్కడ బోల్తా పడుతుంది.

#11 పాత_సిస్టం

ఇంతసేపూ "ఏం తప్పు జరిగింది" దగ్గరే ఉన్నాం. నా లెక్కలో అంతకంటే పెద్ద ప్రశ్న: తప్పు జరిగాక వస్తువు ఏ స్థితిలో ఉంది? ఇది చెప్పని ఎర్రర్ ఎంత వివరంగా ఉన్నా పనికిరాదు.

క్లోజ్ చూడండి. ఈఇంటర్ 4 వచ్చింది. డిస్క్రిప్టర్ మూసుకుందా లేదా? లినక్స్‌లో మూసుకుంది, ఎర్రర్ రాకముందే నంబరు ఖాళీ చేసేస్తుంది. హెచ్‌పీ-యూఎక్స్‌లో మూసుకోలేదు, మళ్లీ పిలవాలి. లినక్స్‌లో 4 వచ్చిందని లూప్ పెట్టి మళ్లీ మూయడం కొరివితో తల గోక్కోవడమే. ఈలోపు ఇంకో థ్రెడ్ అదే నంబరుతో ఫైల్ తెరిచి ఉంటే, మీరు మూసేది దాన్ని. రీడ్, రైట్‌లకి 4 వస్తే మళ్లీ పిలవమనే అలవాటు క్లోజ్‌కి పట్టించకండి. అలాగని క్లోజ్ ఇచ్చేదాన్ని పట్టించుకోకుండానూ ఉండకూడదు. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టం) మీద రాసిన డేటాకి చోటు లేదనో, కోటా దాటిందనో (ఈడీకోట్ 122) మొదటిసారి తెలిసేది క్లోజ్ దగ్గరే కావచ్చు.

ఎఫ్‌సింక్ (డేటాని డిస్క్‌కి చేర్చమనే కాల్) ఇంతకంటే లోతు. రైట్ చేసినప్పుడు డేటా మెమరీలోని పేజ్ కాష్‌లోకే వెళ్తుంది, కాల్ నెగ్గింది అంటుంది. తర్వాతెప్పుడో కెర్నల్ డిస్క్‌కి పంపితే అది విఫలమైంది. ఎవరికి చెప్పాలి? రాసిన ప్రాసెస్ ఈపాటికి పోయి ఉండొచ్చు. పాత లినక్స్‌లో ఫైల్ మ్యాపింగ్ మీద ఒక ఫ్లాగ్ పెట్టేవారు. ఎఫ్‌సింక్ ఎవరు ముందు పిలిస్తే వాళ్లకి ఈఐఓ 5, ఫ్లాగ్ చెరిగిపోయేది, రెండోవాడికి అంతా క్షేమం. అసలు దెబ్బ ఇంకోటి: విఫలమైన పేజీని "క్లీన్" అని గుర్తు వేసేస్తుంది. అంటే మళ్లీ ఎఫ్‌సింక్ పిలిస్తే రాయడానికి ఏమీ లేదు, సున్నా వస్తుంది. ప్రోగ్రాం "రెండోసారి నెగ్గింది" అనుకుంటుంది. డిస్క్ మీద పాత డేటా, మెమరీలో కొత్తది, ఆ పేజీ మెమరీ నుంచి పోయిన రోజున పాతది బయటపడుతుంది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో చెక్‌పాయింట్ ఈ నమ్మకం మీదే నడిచేది: ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ ప్రయత్నిస్తే చాలని. 2018 మార్చిలో ఇది వాళ్ల మెయిలింగ్ లిస్ట్‌లో బయటపడి పెద్ద చర్చ అయింది. 2019 ఫిబ్రవరి విడుదలల్లో, 11.2, 10.7 వగైరాల్లో, ఎఫ్‌సింక్ విఫలమైతే సర్వర్ పానిక్ అయ్యేలా మార్చారు. మళ్లీ లేచి డబ్ల్యూఏఎల్ లాగ్ (మార్పులని ముందే రాసుకునే లాగ్) నుంచి మొత్తం తిరిగి రాసుకుంటుంది. పాత పద్ధతి కావాలంటే డేటా సింక్ రీట్రై ఆన్ చేయాలి, మామూలుగా అది ఆఫ్.

కెర్నల్ వైపు 4.13లో ఎర్‌సీక్ వచ్చింది: ఎర్రర్‌తో పాటు ఒక క్రమసంఖ్య. తెరిచి ఉన్న ప్రతి ఫైల్ తను చివరిగా చూసిన సంఖ్య గుర్తుంచుకుంటుంది కాబట్టి అందరికీ ఒక్కోసారి అందుతుంది. ఎర్రర్ తర్వాత తెరిచినవాళ్లకి, అప్పటికి ఇంకెవరూ చూడకపోతే, అందేలా ఆ తర్వాత సరిచేశారు. ఐనోడ్ మెమరీ నుంచి పోతే మాత్రం ఆ సంగతీ దాంతోనే పోతుంది.

#12 సున్నా_నుంచి

అయితే ఎఫ్‌సింక్‌కి 5 వస్తే నా ప్రోగ్రాం ఏం చేయాలి? పోస్ట్‌గ్రెస్ లాగా లాగ్ లేదు నా దగ్గర.

#13 పాత_సిస్టం

ఆ ఫైల్‌ని నమ్మకండి, ఎఫ్‌సింక్ మళ్లీ పిలవకండి. డేటా మీ మెమరీలో ఇంకా ఉంటే కొత్త ఫైల్‌లో మొదటి నుంచి రాయండి, దానికి ఎఫ్‌సింక్, నెగ్గితే రీనేమ్, ఆపైన డైరెక్టరీకి ఎఫ్‌సింక్. అసలు మొదట్నుంచీ ఇలాగే రాస్తే పాత ఫైల్ చెక్కుచెదరదు. డేటాని పేజ్ కాష్ నుంచే తిరిగి చదివి కొత్త ఫైల్‌లో రాయాలనుకోకండి, అది డిస్క్ మీదున్నదే అన్న భరోసా లేదు. ఓ-డీసింక్‌తో తెరిస్తే ఎర్రర్ ఆ రైట్ దగ్గరే వస్తుంది, ఏ ముక్క పోయిందో తెలుస్తుంది. వేగం తగ్గుతుంది మరి.

ఫైల్‌ని ఎమ్‌మ్యాప్ చేసి (మెమరీలా తగిలించుకుని) చదివేవాళ్లకి ఎర్రర్ నంబరే ఉండదు, ఈఐఓ బదులు సిగ్‌బస్ సిగ్నల్ వస్తుంది. ఫైల్ చివరి పేజీకి అవతల తాకినా అదే సిగ్నల్.

#14 కెర్నల్_కాకి

సగం పనికి కూడా ఒక మాట. 10,000 బైట్లు రాయమంటే డిస్క్‌లో 4,000కే చోటుంది. రైట్ 4,000 అని జవాబిస్తుంది, ఎర్రర్ కాదు. మిగతా 6,000 పంపితే అప్పుడు 28. ఇది మంచి పద్ధతి, ఎంత పని అయిందో ముందు చెప్పి కారణం తర్వాత చెప్తుంది. తిరిగొచ్చిన సంఖ్య చూడని ప్రోగ్రాంకి మాత్రం తప్పు ఎప్పటికీ తెలియదు.

ఐఓ యూరింగ్‌లో (పనులని వరుసలో పెట్టి ఫలితాలు తర్వాత అందుకునే లినక్స్ పద్ధతి) ఫలితం ప్రతి కంప్లీషన్‌లోనూ నేరుగా మైనస్ నంబరుగా వస్తుంది. లిబ్‌యూరింగ్ ఫంక్షన్లూ అంతే, ఎర్నోని ముట్టుకోవు. లింక్ చేసిన పనుల్లో ఒకటి విఫలమైతే వెనకున్నవి ఈక్యాన్సిల్డ్ 125తో వస్తాయి. అడిగినదానికంటే తక్కువ చదివినా గొలుసు తెగుతుంది. మొదటి 125ని పట్టుకుని లాగ్‌లో రాయకండి, దాని ముందున్నది వెతకండి.

#15 గోదారి_గట్టు

చాలా ఉపయోగపడిందండీ. దీన్నిబట్టి ఒక ముసాయిదా:

తిరిగిచ్చే నంబర్లు నాలుగు. విలువ అర్థంలేనిదైతే 22, అర్థం ఉండి హద్దు దాటితే 34, శాంప్లింగ్ నడుస్తుండగా మార్చబోతే 16, ఈ కార్డు రివిజన్‌లో ఆ ట్రిగ్గర్ లేకపోతే 95. స్ట్రక్చర్ చివర మూడు కొత్త ఫీల్డులు: తప్పున్న ఫీల్డ్ సంఖ్య, కారణం సంఖ్య, కుదిరే దగ్గరి విలువ (64 బిట్లు). డ్రైవర్ ముందు 9 ఫీల్డులూ తనిఖీ చేసి, అన్నీ కుదిరితేనే కార్డు రిజిస్టర్లు ముడుతుంది.

#16 కెర్నల్_కాకి

దారిలోనే ఉన్నారు. మీకంటే ముందు వీడియో ఫర్ లినక్స్ 2 వాళ్లు ఇదే చేశారు, ఎక్స్‌టెండెడ్ కంట్రోల్స్‌లో ఎర్రర్ ఐడీఎక్స్ అనే ఫీల్డ్ ఉంది. సెట్ చేసేటప్పుడు అది కంట్రోళ్ల మొత్తం సంఖ్యకి సమానంగా వస్తే, తనిఖీలోనే ఆగింది, హార్డ్‌వేర్ ముట్టుకోలేదని అర్థం. అంతకంటే తక్కువ వస్తే అన్నో కంట్రోల్ దగ్గర ఆగిందని, దాని ముందువి అప్పటికే అమలై ఉండొచ్చని. స్థితిని ఒక్క అంకెలో చెప్పారు. మీ ముసాయిదాలో లేనిది అదే. రిజిస్టర్లు రాస్తుండగా ఐదోది విఫలమైతే? దానికి 5 ఇచ్చి, కార్డుని అమరిక లేని స్థితికి తెచ్చి, ఆ మాట డాక్యుమెంట్‌లో రాయండి. "సగం పాతది, సగం కొత్తది" స్థితిని బయటికి వదలకండి.

మిగతావి:

ఫీల్డ్ సంఖ్యలు 1 నుంచి మొదలుపెట్టండి. 0 అంటే "డ్రైవర్ ఏమీ చెప్పలేదు". సెక్‌కాంప్ 1 ఇచ్చినా, పాయింటర్ చెడి ఈఫాల్ట్ 14 వచ్చినా, కమాండ్ తెలియక 25 వచ్చినా మీ కోడ్ ఆ ఫీల్డులు నింపదు. పిలిచేవాడు వాటిని సున్నా చేసి పంపాలి, నెగ్గినప్పుడు డ్రైవర్ కూడా సున్నాలే రాయాలి. లేదంటే నిన్నటి తప్పు ఇవాళ కనబడుతుంది.

ఎర్రర్ తిరిగిచ్చే ముందే స్ట్రక్చర్‌ని యూజర్ మెమరీకి కాపీ చేయాలి. "విఫలమైతే నేరుగా అవుట్ లేబుల్‌కి గెంతు" అలవాటులో ఇదే మర్చిపోతారు. పైథాన్‌లో వాడేవాళ్లకి చెప్పండి: ఎఫ్‌సీఎన్‌టీఎల్ మాడ్యూల్‌కి బైట్స్ ఇస్తే ఎక్సెప్షన్ వచ్చి నిండిన స్ట్రక్చర్ చేతికి రాదు, బైట్‌అర్రే ఇవ్వాలి.

64 బిట్ల ఫీల్డ్ ముందు 8 బైట్ల హద్దుకి సరిపడా ప్యాడింగ్ (ఖాళీ బైట్లు) మీరే పేరు పెట్టి ఉంచండి. 32 బిట్ ఎక్స్86లో దాని అమరిక 4 బైట్లు, 64లో 8, లేఅవుట్ మారిపోతుంది. ప్యాడింగ్‌ని సున్నా చేయకుండా కాపీ చేస్తే కెర్నల్ స్టాక్‌లోని చెత్త బయటికి పోతుంది.

#17 పాత_సిస్టం

రేపటి కోసం కూడా. రిజర్వ్డ్ ఫీల్డులు నాలుగు పెట్టి, అవి సున్నా కాకపోతే 22 ఇవ్వండి. తెలియని ఫ్లాగ్‌కీ అంతే. ఓపెన్ కాల్ తెలియని ఫ్లాగులని ఊరికే వదిలేసేది, దాని మూల్యం లినక్స్ 3.11లో ఓ-టీఎంపీఫైల్ (పేరులేని తాత్కాలిక ఫైల్ ఫ్లాగ్) తెచ్చినప్పుడు కట్టారు. పాత కెర్నల్ దాన్ని చూసీ చూడనట్టు పోకుండా, ఓ-డైరెక్టరీ బిట్‌ని అందులో కలిపి, ఈఈజ్‌డిర్ 21తో విఫలమయ్యేలా తంటాలు పడాల్సి వచ్చింది. ఓపెన్‌యాట్2 ఆ తప్పు దిద్దుకుంది. స్ట్రక్చర్ సైజు తీసుకుంటుంది, తనకి తెలియని చివరి బైట్లు సున్నా కాకపోతే ఈ2బిగ్ 7 ఇస్తుంది. మీది ఐఓసీటీఎల్ కాబట్టి సైజు కమాండ్ నంబరులోనే కలిసి ఉంటుంది, స్ట్రక్చర్ పెంచితే నంబరే మారి పాత డ్రైవర్ 25 ఇస్తుంది. చేర్చాలనుకున్న మూడు ఫీల్డులతోనే ఆ పరిస్థితి వస్తుంది, పాత కమాండ్‌ని కూడా కొన్నాళ్లు ఉంచాల్సిందే.

తనిఖీ మాత్రమే చేసి ఆగే ఫ్లాగ్ ఒకటి చేర్చండి. గ్రాఫిక్స్ వాళ్ల అటామిక్ మోడ్‌సెట్టింగ్‌లో టెస్ట్ ఓన్లీ ఉన్నట్టు. శాంప్లింగ్ ఆపకుండానే అప్లికేషన్ విలువలు పరీక్షించుకోవచ్చు.

#18 మంజీర

వాక్యం మాత్రం ఎక్కడా లేకుండా చేశారన్నమాట.

#19 కెర్నల్_కాకి

కారణం సంఖ్య నుంచి వాక్యానికి పట్టిక హెడర్ పక్కన లైబ్రరీలో ఉంటుంది, తెలుగులో కూడా రాసుకోవచ్చు, 128 బైట్ల గోల లేదు. ఒక్క షరతు: కారణం సంఖ్యల అర్థం మార్చకూడదు, తీసేసినదాన్ని మళ్లీ వాడకూడదు.

#20 మంజీర

పాత లైబ్రరీ, కొత్త డ్రైవర్ కలిస్తే? కారణం 17 వస్తుంది, పట్టికలో 16 దాకే ఉన్నాయి. నెట్‌లింక్ పద్ధతిలో అయితే కొత్త వాక్యం దానంతటదే వచ్చేది. నా అభ్యంతరం అలాగే ఉంది.

#21 పాత_సిస్టం

ఆ మాట నిజమే. నెట్‌లింక్ వాక్యం గెలిచేది అక్కడే. ఐఓసీటీఎల్‌లో మాత్రం కనీసం ఫీల్డ్ సంఖ్య, కుదిరే విలువ చేతికొస్తాయి, 17 తెలియకపోయినా ప్రోగ్రాం అడుగు వేయగలదు.

#22 ఓరుగల్లు_రూట్

కొత్తది వచ్చేలోపు ఇప్పుడున్న 11ల ఏది తగుల్తుందో చూసుడు ఎట్లనో చెప్త. ఎస్‌ట్రేస్‌కి మైనస్ పెద్ద జెడ్ పెడితే విఫలమైన కాల్స్ మాత్రమే చూపిస్తది, ఎస్‌ట్రేస్ 5.2 నుంచి ఉన్నది. మైనస్ ఎఫ్ మరువద్దు, లేకుంటే పిల్ల థ్రెడ్లు కనబడయి. డ్రైవర్ లోపల ఏ ఫంక్షన్ నుంచి వచ్చిందో కావాలంటే కెర్నల్ 6.5 తర్వాత ఫంక్షన్ గ్రాఫ్ ట్రేసర్‌ల ఫంక్‌గ్రాఫ్ రెట్‌వాల్ ఆప్షన్ ఉంది, బిల్డ్‌ల ఆన్ చేసి ఉండాలె. ఐఓసీటీఎల్ హ్యాండ్లర్ పేరు సెట్ గ్రాఫ్ ఫంక్షన్‌ల రాసి నడిపిస్తే, ప్రతి ఫంక్షన్ పక్కన తిరిగిచ్చిన విలువ పడ్తది. మైనస్ 22 అన్నిటికంటే లోపల ఎక్కడ మొదలైందో అదే నీ చోటు. తనిఖీలన్నీ ఒకే ఫంక్షన్‌ల కుక్కి ఉంటే మాత్రం ఇది చెప్పలేదు, ఫీల్డుకొకటి విడగొట్టి, ఇన్‌లైన్ కాకుండ చూసుకో.

#23 గోదారి_గట్టు

తనిఖీలు ఫీల్డుకో ఫంక్షన్‌గా విడగొట్టడం ముందు మొదలుపెడతాం, ఎలాగూ కారణం సంఖ్యలకి అదే కావాలి. ఒకటి మిగిలింది: రేటు, మాస్క్ విడివిడిగా సరైనవే, కలిస్తేనే హద్దు దాటుతాయి. అప్పుడు తప్పున్న ఫీల్డ్ ఏదని రాయాలి?

#24 కెర్నల్_కాకి

ఫీల్డ్ సంఖ్య బదులు బిట్‌మాస్క్ చేయండి, రెండు బిట్లూ పెట్టండి. 9 ఫీల్డులకి 32 బిట్లు ధారాళం. సున్నా అంటే "చెప్పలేదు" అన్న నియమం అలాగే నిలుస్తుంది. కుదిరే విలువలో మాత్రం ఏ ఫీల్డ్‌ది ఇస్తున్నారో హెడర్‌లో ముందే రాసేయండి. మాస్క్‌ని అలాగే ఉంచితే కుదిరే రేటు అని.